నాలుగింటి పాట

షికాగో ఊళ్లోనే దక్షిణం వైపు, సరస్సు ఒడ్డున, జాక్సన్ పార్క్ అని ఒకటుంది. జూలై మొదట్లో ఒక శనివారం అక్కడికెళ్తే అచ్చం తిరణాలే. టెంట్లు, మడత కుర్చీలు, ఐసు నింపిన డబ్బాలు, బొగ్గుల మీద కాలుతున్న మాంసం పొగ. ఆ పొగలోంచి సెకనుకి రెండేసి చొప్పున దమ్ దమ్ దమ్ దమ్. నేను మొదటిసారి వెళ్లినప్పుడు మా ముందు ఒకావిడ ఆడుతోంది. అరవై దాటి ఉంటాయి. రెండు మోకాళ్లకీ పట్టీలు. చేతిలో మడత విసనకర్ర. పాటలో చప్పట్లు పడే చోటికి సరిగ్గా ఆ విసనకర్ర ఫట్‌మని తెరుచుకునేది, మళ్లీ చప్పట్లకి ఫట్‌మని మూసుకునేది. ప్లేటులో ఉన్నది చల్లారిపోయేదాకా ఆవిణ్ణే చూస్తూ కూర్చున్నాను. ఒక్క దెబ్బ తప్పితే ఒట్టు.

అది చోజెన్ ఫ్యూ వాళ్ల పిక్నిక్. డెబ్బైల చివర్నుంచీ షికాగోలో రికార్డులు వేస్తున్న డీజేల బృందం అది. వాళ్లు వేసేది హౌస్, ఆ ఊరి క్లబ్బుల్లోనే పుట్టిన డాన్సు సంగీతం. 1990లో సైన్స్ మ్యూజియం వెనకాల, ఇంటివాళ్లతో కలిసి తినడానికని పెట్టుకున్న చిన్న కలయిక పెరిగి పెరిగి వేలమంది వచ్చే జాతరైంది. నన్ను తీసుకెళ్లింది మా ఆఫీసులో డేటాబేసులు చూసే పెద్దాయన. సౌత్ సైడ్‌లోనే పుట్టి పెరిగిన నల్లజాతి మనిషి, ముగ్గురు మనవలు. "ఏ పాట వేస్తే బావుండునని ఉంది మీకు?" అని అడిగాను. "నాలుగింటి పాట," అన్నారు. అదేం పేరని అడిగితే నవ్వి, "పేరు కాదయ్యా, మ్యూజిక్ బాక్స్ అనే క్లబ్బులో తెల్లవారుజామున నాలుగింటికి పడేదొకటి. పేరెవరికి తెలుసు?" అన్నారు.

ఆ మధ్యాహ్నమంతా ఆయన చెప్పిన కబుర్లన్నీ అలాగే ఉన్నాయి. పాట పేరు ఒక్కటి చెబితే గడియారం నాలుగుసార్లు వచ్చేది. ఒంటిగంటకి ఇంకా జనం గోడలకి ఆనుకునే ఉండేవాళ్లట. మూడింటికి చొక్కాలు పోయేవి. ఆరింటికి బయటికొస్తే వెలుతురు కళ్లలో గుచ్చుకునేది.

నిజానికి నాకు ఈ విషయం మీద మాట్లాడే అర్హత పెద్దగా లేదు. మాది తెనాలి. 2003లో ఎమ్మెస్‌కని వచ్చి, షికాగో చలికి ఎక్కడికీ కదల్లేక రేడియో వింటూ వింటూ ఇందులో పడ్డాను. మన ఊళ్లలో ఇప్పటికీ డీజే అంటే మనిషి కాదు కదా, డీసీఎం వ్యాను మీద పేర్చిన బాక్సులు. "పెళ్లికి డీజే పెట్టాం" అంటాం గానీ "డీజేని పిలిచాం" అనం. అలాంటి చోటు నుంచి వచ్చినవాణ్ణి. పైగా నేను బెంగపడే రాత్రుల్లో ఒక్కటీ నాది కాదు. మ్యూజిక్ బాక్స్ మూతబడేనాటికి నేను నిక్కరేసుకుని ఎక్కాలు అప్పజెప్తున్నాను. ఎవరిదో తద్దినానికి నేను ఏడ్చినట్టుంటుందని మా ఆవిడ అంటుంది. కాదనలేను.

అయినా సరే, ఒక్క మాట గట్టిగా చెప్పాలి. క్లాసిక్ హౌస్ అనగానే "ఆ పాటలే వేరు" అని నిట్టూర్చేవాళ్లు చాలామంది ఉన్నారు. పాటలెక్కడికీ పోలేదు, అన్నీ జేబులో ఫోన్లో ఉన్నాయి. పోయింది రాత్రి పొడవు. తెల్లవార్లూ అనే మాటలో ఎంత నిడివి ఉందో, అదీ పోయింది. ఆ నిడివి లేకపోతే ఆ పాటలు పుట్టి ఉండేవే కావని నా వాదన.

న్యూయార్క్‌లో బ్రాంక్స్ కుర్రాడు ఫ్రాంకీ నకల్స్ 1977లో డీజేగా షికాగో వచ్చాడు. సౌత్ జెఫర్సన్ వీధిలో 206వ నంబరు, ఒక పాత ఫ్యాక్టరీ భవనం. అందులో రాబర్ట్ విలియమ్స్ నడిపే క్లబ్బు పేరు వేర్‌హౌస్. ఆ పేరులోని చివరి ముక్కే తర్వాత సంగీతానికి అంటుకుంది. వచ్చేవాళ్లలో ఎక్కువమంది నల్లజాతి, లాటినో కుర్రాళ్లు, అందులోనూ గే కుర్రాళ్లు. వారమంతా ఇంట్లోనూ చర్చిలోనూ ఉద్యోగంలోనూ ఒళ్లు దగ్గర పెట్టుకుని మసలినవాళ్లు, శనివారం రాత్రి ఆ ఒంటిని అక్కడికి తెచ్చి వదిలేసేవాళ్లు. ఆదివారం పొద్దెక్కేదాకా సాగేది.

రెండేళ్లకి, 1979 జూలై 12న, అదే ఊళ్లో కొమిస్కీ పార్క్ బేస్‌బాల్ మైదానంలో ఒక తమాషా జరిగింది. స్టీవ్ డాల్ అనే రేడియో జాకీ పిలుపు. ఒక డిస్కో రికార్డు తెచ్చిస్తే టికెట్టు 98 సెంట్లే. రెండు ఆటల మధ్య ఆ రికార్డులన్నీ కుప్పపోసి పేల్చేశారు. జనం మైదానంలోకి ఉరికి పడటంతో రెండో ఆట జరగనే లేదు. ఆ రోజు అక్కడ జనానికి సీట్లు చూపించే ఉద్యోగంలో విన్స్ లారెన్స్ అనే నల్లజాతి కుర్రాడున్నాడు. సింథసైజర్ కొనుక్కోవడానికి డబ్బులు కూడబెడుతున్నాడు. జనం తెచ్చి పడేస్తున్న రికార్డుల్లో డిస్కోతో సంబంధం లేని నల్లజాతి పాటలు కూడా బోలెడున్నాయని గమనించాడు. ఏం తగలబడుతోందో అతనికి అర్థమైంది. అయిదేళ్లకి, 1984లో, జెస్సీ సాండర్స్‌తో కలిసి "ఆన్ అండ్ ఆన్" అనే రికార్డు తెచ్చాడు. చాలామంది మొట్టమొదటి హౌస్ రికార్డుగా లెక్కపెట్టేది దాన్నే.

డిస్కో పేరెత్తడమే నామోషీ అయ్యాక, ఆడదగ్గ కొత్త రికార్డులు తగ్గిపోయాయి. నకల్స్ చేతిలో ఉన్నవి పాతవే. రాత్రేమో కొండంత పొడవు. ఏం చెయ్యాలి? ఉన్నవాటినే సాగదీశాడు. పాటని రీల్ టేపు మీదికెక్కించి, మాటలు ఆగి తాళం ఒక్కటే మిగిలే చోటుంటుంది చూడండి, ఆ ముక్కని కత్తిరించి, అతికించి, మళ్లీ కత్తిరించి, పాయసంలో పాలు పోసినట్టు పొడిగించుకుంటూ పోయాడు. తర్వాత్తర్వాత దాని కింద డ్రమ్ మెషీను పెట్టాడు. డెట్రాయిట్ నుంచి డెరిక్ మే అనే కుర్రాడు టీఆర్-909 అనే అలాంటి మెషీనొకటి తెచ్చి ఆయనకే అమ్మాడు. అంటే హౌస్ పుట్టిందే పాత పాటల మీది బెంగలోంచి. కాకపోతే ఆ బెంగ చేతిలో బ్లేడు ఉండేది.

ఇక్కడొక చిన్న సంగతి చాలామంది దాటేసి పోతారు. వేర్‌హౌస్‌లో మందు అమ్మేవారు కాదు. న్యూయార్క్ కింగ్ స్ట్రీట్‌లో లారీ లెవాన్ అనే డీజే పదేళ్లు రాజ్యమేలిన పారడైజ్ గరాజ్ క్లబ్బులోనూ అంతే. పళ్లరసం, నీళ్లు. అక్కడ ఉండేవాళ్లంతా నియమనిష్ఠల వాళ్లని నేననను, మత్తు వేరే దారుల్లో వచ్చేది, అది కొంతమందిని మింగేసింది కూడా. నేను చెప్పేది లైసెన్సు సంగతి. బారుకి మూసే వేళ ఉంటుంది. రసం అమ్మేవాడికి లేదు. కాబట్టి రాత్రికి అంతు లేదు. మరోటి, గ్లాసులు అమ్ముకుని బతికే చోటులో డీజే పని జనానికి దాహం వేయించడం. ఇక్కడ ఆ బాధ లేదు. అరగంట సేపు ఎవరికీ నచ్చనిది వేసినా యజమానికి పోయేదేం లేదు.

నచ్చనిది వేయడం గురించే అసలు కథ. నకల్స్ 1982లో వేర్‌హౌస్ వదిలి పవర్ ప్లాంట్ అని సొంతంగా పెట్టుకున్నాడు. విలియమ్స్ తెరిచిన మ్యూజిక్ బాక్స్‌లో డీజేగా రాన్ హార్డీ వచ్చి కూర్చున్నాడు. అదే కాలంలో ముగ్గురు కుర్రాళ్లు, డీజే పియర్, స్పాంకీ, హర్బ్ జే, ఫ్యూచర్ అని జట్టు కట్టారు. స్పాంకీ టీబీ-303 అనే పాత బేస్ సింథసైజర్ ఒకటి కొనుక్కొచ్చాడు. రోలాండ్ కంపెనీ దాన్ని ఒంటరిగా గిటారు వాయించేవాళ్ల కోసం చేసింది, పక్కన బేస్ గిటారిస్టు లేని లోటు తీర్చడానికి. బేస్ గిటారులా వినపడితే ఒట్టు. అందులో స్వరాలు ఎక్కించడం ఒక యజ్ఞం. 1984కే తయారీ ఆపేశారు, సెకండ్ హ్యాండ్ షాపుల్లో చవగ్గా దొరికేది. ఆ కుర్రాళ్లకి దాన్ని వాడటం రాలేదు. రాకపోవడమే మంచిదైంది. అది తనంతట తాను ఏదో పిచ్చి వరస వాయిస్తుంటే పియర్ దాని నాబులు తిప్పుతూ కూర్చున్నాడు. ఒక నాబు తిప్పితే గొంతు నొక్కినట్టు మూగబోతుంది, ఇంకోటి తిప్పితే అదే గొంతు కీచుమంటుంది, రెండూ కలిపి తిప్పితే బురదలో చెప్పు ఇరుక్కుని ఊడొచ్చినట్టు చప్పుడు. పది నిమిషాలు దాటిపోయింది. టేపు చేసి రాన్ హార్డీ చేతిలో పెట్టారు.

ఆ రాత్రి జరిగింది పియర్ చాలాసార్లు చెప్పాడు. మొదటిసారి వేస్తే జనం ఫ్లోరు ఖాళీ చేసి పోయారు. హార్డీ కాసేపాగి మళ్లీ వేశాడు. కొంతమంది నిలబడ్డారు. మూడోసారి వేశాడు. నాలుగోసారి, తెల్లవారుజామున, వేసేసరికి జనానికి పూనకం వచ్చింది. కాళ్లు పైకెత్తి వీపు మీద పడి ఆడినవాళ్లున్నారట. అదే 1987లో "యాసిడ్ ట్రాక్స్" పేరుతో రికార్డుగా వచ్చింది, దాన్నించి యాసిడ్ హౌస్ అని ఒక శాఖే పుట్టింది.

ఇప్పుడు లెక్క వేయండి. ఇవాళ పండగల్లాంటి పెద్ద ఫెస్టివల్లో ఒక డీజేకి ఇచ్చేది గంట, మహా అయితే గంటన్నర. అందులో జనం వదిలేసి పోయిన పాటని రెండోసారి వేసే తెగువ ఎవరికుంటుంది? నాలుగోసారి మాట దేవుడెరుగు. గంట సేపు మాత్రమే నీదైతే, అందరికీ తెలిసినవే వేస్తావు. నేనైనా అంతే. ఒక్క పాట నాలుగు ప్రాణాలతో బతికింది రాత్రికి అంత చోటుండబట్టే.

ఈ మాటకి ఎదురు సాక్ష్యం మన దేశంలోనే ఉంది. హిందీ సినిమా ఆర్కెస్ట్రాల్లో గిటారు, కీబోర్డు వాయించిన చరణ్‌జిత్ సింగ్ 1982లో బొంబాయిలో ఒక రికార్డు చేశారు. పది హిందుస్తానీ రాగాలు, కింద డిస్కో దరువు. భూపాలి, అంటే మన మోహనం. మాల్‌కౌన్స్, మన హిందోళం. యమన్, మన కల్యాణి. ఆయన వాడిన యంత్రాల్లో సరిగ్గా ఆ టీబీ-303 ఉంది, టీఆర్-808 డ్రమ్ మెషీను ఉంది. షికాగో రికార్డు కన్నా అయిదేళ్లు ముందు! విన్నవాళ్లెవరైనా ఉలిక్కిపడతారు, అంత దగ్గరగా ఉంటుంది. కానీ అప్పట్లో ఎవరూ కొనలేదు. ఒక డచ్చి రికార్డుల పిచ్చోడి చేతిలో పడి, 2010లో మళ్లీ అచ్చయ్యాక ప్రపంచం నోరు తెరిచింది. డెబ్బై దాటాక ఆయన యూరప్ వేదికలెక్కి ఆ రాగాలే వాయించి, 2015లో పోయారు.

యాసిడ్ హౌస్ మనమే కనిపెట్టామని వాట్సాప్‌లో తిరిగే గొప్పలు నాకు నచ్చవు. యంత్రం ఒకటే, వేళ్లు ఆయనవి ఇంకా నేర్చిన వేళ్లు. లేనిదల్లా ఒక రాత్రి. ఆ రికార్డుని తీసుకెళ్లి జనం మధ్య వేసి, వాళ్లు మొహం తిప్పుకుంటే మళ్లీ వేసి, మూడోసారి వేసే రాన్ హార్డీ ఒకడు బొంబాయిలో లేడు. అలాంటి గదీ లేదు. అది రికార్డుగా పుట్టి రికార్డుగానే అల్మరాలోకి పోయింది.

మన దగ్గర అలాంటి రాత్రులు అసలు లేవా అంటే, ఉన్నాయి, నేను చూశాను, సంగీతమే వేరు. మా తాతయ్య చిన్నప్పుడు నన్ను పద్యనాటకాలకి తీసుకెళ్లేవాడు. రాత్రి పదింటికి మొదలు. చాప పరుచుకుని నేను పడకసీను సగంలోనే నిద్రపోయేవాణ్ణి. కాటిసీనుకి తట్టి లేపేవాడు. అప్పటికి మంచు పడుతుండేది, హార్మోనియం వాయించేవాడి కళ్లు ఎర్రబడి ఉండేవి, హరిశ్చంద్రుడికి గొంతు బొంగురుపోయి ఉండేది. వన్స్ మోర్ అని అరిచేవాళ్లు. మళ్లీ పాడేవాడు. మళ్లీ వన్స్ మోర్. మూడోసారి రాగం ఇంకెక్కడికో వెళ్లిపోయేది, పాడేవాడికే తెలియనట్టు. ఆ పద్యమే సాయంత్రం ఆరింటికి టౌన్‌హాల్లో, శుభ్రమైన గొంతుతో, సన్మానసభలో పాడగా విన్నాను. చప్పట్లు కొట్టాం. అంతే. పెద్దాయన నాలుగింటి పాట అన్నప్పుడు నాకు చప్పున అర్థమైంది అందుకే.

రాత్రిని కోసేసింది కాలం అంటారు. కాలం కాదు, కాగితం. షికాగో నగర కౌన్సిల్ 1987లో, మందు అమ్మకపోయినా సరే జ్యూస్ బార్లు కూడా బార్లతో పాటే మూసేయాలని చట్టం చేసింది. మ్యూజిక్ బాక్స్ లాంటి చోట్లకి అది ఉరితాడే. తమాషా ఏమిటంటే అదే ఏడాది జనవరిలో షికాగో కుర్రాడు స్టీవ్ సిల్క్ హర్లీ పాట బ్రిటన్‌లో నంబర్ వన్. ఇక్కడ తలుపులు మూస్తుంటే అక్కడ తెరుచుకున్నాయి. లండన్‌లో షూమ్, మాంచెస్టర్‌లో హసియెండా అనే క్లబ్బులు, 1988 వేసవి, ఊరి బయట పొలాల్లో తెల్లవార్లూ ఆటలు. ఆ కథ తెలిసిందే, పుస్తకాల మీద పుస్తకాలొచ్చాయి. 1994లో బ్రిటన్ చట్టం చేసింది. ఆరుబయట వందమందో అంతకు పైనో చేరి, రాత్రిపూట, మైకులో, ఒకే తీరుగా పదే పదే దెబ్బలు పడే సంగీతం పెడితే పోలీసులు ఖాళీ చేయించవచ్చని అప్పుడు అందులో రాశారు. ఒక ప్రభుత్వం తాళాన్ని నిర్వచించడానికి కూర్చోవడం ఎప్పుడు తలుచుకున్నా నవ్వొస్తుంది. కానీ ఆ చట్టంలో "రాత్రిపూట" అన్న మాట ఎవరు పెట్టారో వాళ్లకి అసలు కిటుకు తెలుసు.

హసియెండా 1997లో మూతబడింది. ఆ స్థలంలో ఇప్పుడు అదే పేరుతో అపార్టుమెంట్లున్నాయి. షికాగోలో జెఫర్సన్ వీధి ముక్కకి 2004లో నకల్స్ పేరు పెట్టారు, 2023లో వేర్‌హౌస్ భవనాన్ని నగరం చారిత్రక కట్టడంగా ప్రకటించింది. సంతోషమే. గోడల్ని కాపాడటం తేలిక.

మరి బెంగని అమ్ముకునే వ్యాపారమూ ఉంది. ఈ మధ్య ఒక క్లబ్బులో "క్లాసిక్ హౌస్ రాత్రి" అంటే టికెట్టు కొనుక్కుని వెళ్లాను, ఏ ఊళ్లో ఎక్కడో చెప్పను. అయిదు గంటల్లో తొమ్మిదిమంది డీజేలు. భోజనాల వరుస లాగా ఒకరు లేస్తే ఒకరు. ప్రతివాడూ తన ముప్పై నిమిషాల్లో మూడు పెద్ద పాటలు వేయాల్సిందే కాబట్టి ఒకే పాట నాకు మూడుసార్లు వినపడింది. రాన్ హార్డీ కూడా ఒకే పాట నాలుగుసార్లు వేశాడు కదా అని మీరనొచ్చు. ఆయన వేసింది ఎవరికీ తెలియనిది. వీళ్లు వేసింది తెలియనివాడు లేనిది. పియానో మొదలవగానే ఫోన్లన్నీ లేచాయి. నాదీ లేచింది, ఎందుకు అబద్ధం. ఒంటిగంటన్నరకి లైట్లు వేసి పొమ్మన్నారు. అప్పటికి నాకింకా ఒళ్లు వెచ్చబడలేదు.

బెంగపడేవాళ్లు ఇంకో పని కూడా చేస్తారు, అది నాకు మరీ కష్టంగా ఉంటుంది. ఆ ఫ్లోరు మీద అందరూ ఒక్కటే, జాతి లేదు, భేదం లేదు అని పాడతారు. బయట భేదం ఉండబట్టే లోపలికి వచ్చినవాళ్లు వాళ్లు. వాళ్లలో ఎంతోమందిని ఎయిడ్స్ తీసుకుపోయింది. గరాజ్ 1987లో మూతబడిన కొద్ది నెలలకే దాని యజమాని అదే జబ్బుతో పోయాడు. లెవాన్, హార్డీ ఇద్దరూ 1992లో పోయారు, నలభై నిండకుండానే. మిగిలినవాళ్లకైనా డబ్బులొచ్చాయా? లారీ హెర్డ్, రాబర్ట్ ఓవెన్స్ ఎనభైల్లో తాము చేసిన పాటల హక్కుల కోసం 2020లో తమ పాత లేబుల్ మీద కోర్టుకెక్కాల్సి వచ్చింది. 2022లో రాజీ కుదిరి పాటలు వాళ్ల చేతికొచ్చాయి. ఆ లేబుల్ రికార్డుల్లో చాలావాటికి పాత రికార్డులు కరిగించిన వినైలే వాడారు, అందుకే అంత గరగర. ఆ గరగరనే ఇప్పుడు "ఆహా, పాత సౌండు" అని మురిసిపోతున్నాం. పిసినారితనానికి కూడా ముప్పై నలభై ఏళ్లు గడిస్తే సౌరభం వస్తుంది కాబోలు.

రాన్ హార్డీ రాత్రుల్లో మనకి మిగిలినవి క్యాసెట్లే. ఎవరో టేపు చేసుకున్నవి, ఇంటర్నెట్‌లో దొరుకుతాయి, నేను కారులో అవే వింటాను. నలభై అయిదు నిమిషాలయ్యాక టపీమని ఆగిపోతుంది. రెండో వైపు తిప్పేలోపు ఏం పోయిందో ఎవరికీ తెలియదు. మొత్తం రాత్రిలో ఆ రెండు ముక్కలు విని, మనకి మ్యూజిక్ బాక్స్ తెలుసనుకుంటాం.

నాకిప్పుడు నలభై అయిదు. పదకొండున్నరకి ఆవలింతలొస్తాయి. పొద్దున్నే పిల్లని అరోరా గుడిలో సంగీతం క్లాసుకి దింపాలి. తెల్లవార్లూ ఆడే చోటు రేపు మా వీధి చివర తెరిచినా నేను వెళ్తానో లేదో. కాబట్టి ఇదంతా రాసేవాడికి నిద్ర తక్కువైందని మాత్రం అనుకోకండి, ఎక్కువే అయింది.

పిక్నిక్ సంగతి సగంలో వదిలేశాను. మేం పొద్దున పదింటికి వెళ్లాం. సాయంత్రం ఏడున్నరవుతోంది, ఎండ ఇంకా చెట్ల మధ్య వేలాడుతోంది. విసనకర్ర ఆవిడ మోకాలి పట్టీలు విప్పేసి గడ్డి మీద పెట్టింది. బొగ్గులు ఆరిపోయాయి. నేను కుర్చీలు మడిచి, వంటసామాను కారులో పెట్టి వచ్చేసరికి ఏదో పాట నడుస్తోంది. మాటల్లేవు, తాళం కింద బేస్ ఒక్కటే గుండ్రంగా తిరుగుతోంది. పెద్దాయన చేతిలో ఉన్న గ్లాసు పక్కనెవరికో ఇచ్చేశారు, వాళ్లెవరో కూడా చూడకుండా.

"ఇదేనా?" అన్నాను.

తలూపారో, తాళానికి ఊపారో తెలియలేదు. పేరు తెలుసుకుందామని ఫోను తీసి పాటకేసి పట్టుకున్నాను. గోల ఎక్కువై దానికి దొరకలేదు. ఇంకోసారి నొక్కాను. తలెత్తి చూసేసరికి ఆయన రెండు టెంట్లు దాటి, ఆవిడ పక్కన ఉన్నారు.